ఏ నందన? మా పొలంలోని సమాధుల దిబ్బ వెనుక ఊరి చరిత్ర

గుంటూరు నుంచి ప్రత్తిపాడు వెళ్ళే దారిలో మా ఊరు. ఊరు దాటి డొంక పట్టుకుని పది నిమిషాలు నడిస్తే, మిరప చేల మధ్య కాస్త ఎత్తుగా మా సమాధుల దిబ్బ కనబడుతుంది. తొమ్మిది సెంట్లు. రెండు వేపచెట్లు, ఒక పక్కంతా చిల్లకంప, పదకొండు సమాధులు. నైరుతి మూల ఉన్నది అన్నిటికన్నా పాతది. దాని తల దగ్గర పాతిన నాపరాయి మీద ఇంతే చెక్కి ఉంది: "నందన కార్తీక బ ౭". మనిషి పేరు లేదు.

నందన అంటే నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువు, నందన కరువు నాటిదని మా ఇంట్లో అందరూ నమ్మారు. కరువంటే 1832. ఆ లెక్కన మా వంశం ఆ నేల మీద రెండు వందల ఏళ్ళుగా ఉన్నట్టు. చిన్నప్పుడు సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు మా పెదనాన్న ఈ మాట చెప్పకుండా కొబ్బరికాయ కొట్టేవారు కాదు.

రెండేళ్ళ కిందట ఆ చేను అమ్మకానికి వచ్చింది. కొనేవాళ్ళు దిబ్బతో సహా కావాలన్నారు. "రెండొందల ఏళ్ళ నాటి పెద్దల్ని అమ్ముకుంటామటరా?" అని పెదనాన్న లేచారు. "కాగితాల్లో శ్మశానం అని ఎక్కడా లేదు కదా అన్నయ్యా, అంతా పట్టా చేనే" అని బాబాయి. ఇంట్లో మాటలు పెరిగి, టెన్షన్‌తో పెదనాన్నకు బీపీ ఎక్కింది. ఇద్దరిలో ఎవరిది నిజమో తేల్చమని నాకు అప్పగించారు. తేల్చడానికి ఏడాది పట్టింది. తీరా చూస్తే ఇద్దరిదీ సగం సగం నిజం. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో పొలంలో సమాధులున్న కుటుంబాలు లెక్కలేనన్ని. వాళ్ళకు పనికొస్తుందని, నాకు అర్థమైంది అర్థమైనట్టు రాస్తున్నాను.

ముందు ఆ రాయి సంగతి. మన సంవత్సరాల పేర్లు అరవై. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసి మళ్ళీ ప్రభవకు వస్తాయి. కాబట్టి ఒక రాయి మీద నందన అని మాత్రమే ఉంటే అది 1832 కావచ్చు, 1892 కావచ్చు, 1952 కావచ్చు, 2012 కూడా కావచ్చు. చెక్కించినవాళ్ళకు ఆ చిక్కు లేదు. వాళ్ళకు కావలసింది ఏటా తద్దినం పెట్టడానికి మాసం, పక్షం, తిథి. "కార్తీక బ ౭" అంటే కార్తీక బహుళ సప్తమి. ఏ నందనో ఇంట్లో అందరికీ తెలుసు. మనిషి పేరూ తెలుసు, అందుకే రాయలేదు. మూడు తరాలు గడిచాక వచ్చే మనలాంటివాళ్ళ కోసం ఎవరూ చెక్కించలేదు.

మీ దిబ్బ మీద కూడా ఇలాంటి రాళ్ళుంటే ముందు ఈ అరవై ఏళ్ళ లెక్క వేసుకోండి. ఊళ్ళో పెద్దల నోట వినబడే సంవత్సరాలు కొన్ని ఉంటాయి. రక్తాక్షి అంటే 1864, బందరు ఉప్పెనలో ముప్పై వేల మంది పోయిన ఏడు. ధాత కరువు 1876లో మొదలైంది. కాళయుక్తి 1918, విషజ్వరం ఇల్లిల్లూ తిరిగిన ఏడు. పింగళ 1977, దివిసీమ ఉప్పెన. కొన్ని రాళ్ళ మీద శాలివాహన శకం ఉంటుంది, దానికి 78 కలిపితే మన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. కరణాల లెక్కల్లో ఫసలీ అనే శిస్తు సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలపాలి, ఆ ఏడు జూలైలో మొదలవుతుంది.

మరి మా నందన ఏది? 1952 కాదని తేల్చడం సులువు. మా నాయనమ్మ 1941లో ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. తను కాపురానికి వచ్చిన కొత్తలోనే ఆ మూల సమాధికి పసుపు కుంకుమ పెట్టించారని మాకు చాలాసార్లు చెప్పింది. మిగిలినవి 1832, 1892.

1832 అనుకోవడానికి మనసు ఒప్పుతుంది కానీ ఆ ఏడు ఏం జరిగిందో చదివాక నాకు నమ్మకం పోయింది. ఇంగ్లీషు కాగితాల్లో దాన్ని గుంటూరు కరువు అనే రాస్తారు. అంత లోతుగా ఈ జిల్లాను తిన్నది. అయిదు లక్షల దాకా ఉన్న జనంలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది పోయారు. తిండి కోసం మద్రాసు దారి పట్టినవాళ్ళు దారి పక్కనే పడిపోయారు. శవాన్ని మోసే మనిషి లేడు, కట్టెలు లేవు, గొయ్యి తీసే ఓపిక లేదు. అప్పుడు ఇక్కడ ఉద్యోగంలో ఉన్న సి.పి. బ్రౌన్ తన రిపోర్టుల్లో కరువు అని రాస్తే పైవాళ్ళకు రుచించలేదు, కొరత అంటే చాలన్నది వాళ్ళ మాట. కాగితంలోనే ఒప్పుకోని చావులవి. ఆ ఏడు పోయినవాళ్ళకు రాయి చెక్కించి, తిథి రాయించి, గచ్చు చేయించిన కుటుంబం అసలు ఉండదని నేను అనను. మా ఇల్లు మాత్రం అంత ఉన్న ఇల్లు కాదు.

దీనికి భూమి కథ కూడా తోడవుతుంది. గుంటూరు సర్కారు, అంటే అప్పటి గుంటూరు ప్రాంతం, 1788లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. 1802లో శాశ్వత పైసలా (పర్మనెంట్ సెటిల్‌మెంట్) కింద జమీందార్లకు కట్టబెట్టారు. అమరావతి ఊరు కట్టించిన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడిది అందులో పెద్ద జమీ. ఆయన 1816లో పోయారు. తర్వాత వారసుల తగాదాలు, అప్పులు, ఆపైన నందన కరువు. రైతు లేక సాగు లేదు, సాగు లేక శిస్తు లేదు. 1840ల్లో గుంటూరు జమీలు బాకీల కింద సర్కారు చేతికి వెళ్ళాయి. ఆ పతనం ఎలా జరిగిందో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ 1846లో పెద్ద రిపోర్టు రాశాడు. ఆ తర్వాతే ఇక్కడ రైతు పేరున పట్టా, సర్వే రాయి, సర్వే నంబరు నెమ్మదిగా నిలదొక్కుకున్నాయి. కరువులో పాడుబడిన ఊళ్ళకు వేరే ఊళ్ళ నుంచి జనం వచ్చి చేరారు. "మేం ఫలానా ఊరి నుంచి వలస వచ్చాం" అనే మాట చాలా ఇళ్ళలో అక్కడ మొదలైందే.

నేను దీన్ని ఇంతసేపు చెప్పడానికి కారణం ఉంది. ఎవరి దిబ్బ వయసైనా తెలియాలంటే సమాధి మీద రాతకన్నా దాని కింద నేల చరిత్ర ముందు చదవాలి. రైతు తన నేల అని గట్టిగా అనుకున్న చోటే సమాధి మీద గద్దె కడతాడు. రేపు ఎవరి చేతికి పోతుందో తెలియని నేలలో కట్టడు. కాబట్టి మొదటి సమాధి ఎప్పటిదో తెలిస్తే, ఆ నేల తమదని ఆ కుటుంబం ఎప్పటి నుంచి నమ్మిందో తెలుస్తుంది.

మా నమ్మకం వయసు ఒక దస్తావేజులో దొరికింది. పెదనాన్న ట్రంకుపెట్టెలో, పసుపు గుడ్డలో చుట్టి. ఇంట్లో ఎవరూ విప్పి చదవలేదు, ఎందుకంటే మొదటి పంక్తిలో "కృష్ణా జిల్లా గుంటూరు తాలూకా" అని ఉంది. మనది గుంటూరు జిల్లా కదా, ఇది మన చేనుది కాదు అని పక్కన పెట్టేశారు. అసలు కీలకం అక్కడే ఉంది. 1859లో గుంటూరు జిల్లాను రద్దు చేసి కృష్ణాలో కలిపారు. 1904లో మళ్ళీ విడదీశారు. ఆ నలభై అయిదేళ్ళలో రాసిన కాగితం ఏదైనా మన ఊరిని కృష్ణా జిల్లా అనే అంటుంది. ఒంగోలు వైపు ఊళ్ళకు 1970లో ఇంకో మార్పు, నరసరావుపేట, బాపట్ల వైపు ఊళ్ళకు 2022లో మరోటి. ఒకే ఊరి పాత కాగితాలు రెండు మూడు చోట్ల ఉండటానికి ఇదే కారణం. జిల్లా పేరు చూసి కాగితాన్ని పారేయకండి.

ఆ దస్తావేజు పార్థివ నామ సంవత్సరానిది, అంటే 1885. మా పెద్దాయన ఒకరు ఆ చేను వేరే ఇంటివాళ్ళ దగ్గర కొన్నారు. చెక్కుబందీ వివరంగా రాశారు. తూర్పున డొంక, దక్షిణాన వాగు పోరంబోకు, మిగతా రెండు దిక్కులా ఎవరెవరి చేలు. లోపల ఏమున్నాయో కూడా రాశారు: రెండు తుమ్మచెట్లు, ఒక పాడుబావి. సమాధి అన్న మాట లేదు. చెట్టును కూడా వదలకుండా రాసినవాళ్ళు సమాధి ఉంటే రాయకుండా ఉండరు. అమ్మేవాళ్ళకు తమ పెద్దల సమాధి ఉంటే అసలు అమ్మనే అమ్మరు.

అంటే 1885లో ఆ దిబ్బ మీద ఎవరూ లేరు. నందన 1892. చేను కొన్న ఏడేళ్ళకు. ఆ సమాధి ఆ కొన్నాయనదే అయి ఉంటుందని నా ఊహ. ఈ మాట చెప్పినప్పుడు పెదనాన్న చాలాసేపు మాట్లాడలేదు. అరవై ఏళ్ళు తగ్గించేశానని కోపం వస్తుందనుకున్నాను. "అయితే కొన్న చేలోనే పడుకున్నాడన్నమాట" అన్నారు చివరికి.

ఇంత నల్లరేగడిలో సరిగ్గా ఆ తొమ్మిది సెంట్లే ఎందుకు? రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి పట్టేంత బీటలు వారుతుంది. దాని మీద కట్టిన గద్దె రెండేళ్ళకే పగిలిపోతుంది. గొయ్యి తీస్తే వానాకాలంలో నీరు ఊరుతుంది. మా దిబ్బ ఉన్నచోట మాత్రం గరప నేల, పైరుకు పనికిరాదు, కట్టడానికి పనికొస్తుంది. ఊరికి దక్షిణాన ఉంది, యముడి దిక్కు. పక్కనే వాగు, స్నానాలకు. పక్కనే డొంక, పాడె ఇంకొకరి చేను తొక్కకుండా రావడానికి. దింపుడు కళ్ళం కూడా ఆ డొంక మలుపులోనే. మా పెద్దలు మంచి చేనులో పైరు పెట్టుకుని, పండని ముక్కను తమకు ఉంచుకున్నారు.

ఇక్కడ చాలామందికి ఉన్న ఒక పొరపాటు అభిప్రాయం. సమాధి ఉందంటే కింద మనిషి ఉన్నాడని అనుకుంటాం. మా ఇంట్లో దహనమే ఆనవాయితీ. పదకొండింటిలో ఎనిమిది గద్దెల కింద ఉన్నది చితాభస్మం, కొన్ని అస్థికలు. నిజంగా పూడ్చింది ముగ్గురినే. ఇద్దరు పసిపిల్లలు, ఎందుకంటే పాలపళ్ళ వయసు పిల్లలను కాల్చరు. మూడోది గురుబోధ తీసుకున్న ఒక చిన్నతాతది, ఆయన్ను కూర్చోబెట్టి సమాధి చేశారు. జంగాలదీ కూర్చోబెట్టే పద్ధతే, పైన లింగమో నందో ఉంటుంది. అమ్మవారు పోసి పోయినవాళ్ళను దహనం చేయకుండా పూడ్చడం చాలా కులాల్లో ఉండేది. ముస్లింల గోరీలు ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి, ముఖం పడమర వైపు. 1842లో హేయర్ అనే అమెరికా మిషనరీ గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ మొదలుపెట్టాక మన పల్లెల్లో సిలువ సమాధులు పెరిగాయి. ఒక దిబ్బ మీద రెండు మూడు పద్ధతులు కలిసి కనబడితే ఆశ్చర్యపోకండి. ఒకే ఇంట్లో అన్న వైష్ణవం, తమ్ముడు శైవం, ఇంకో శాఖ క్రైస్తవం ఉన్న కుటుంబాలు మన జిల్లాలో బోలెడు.

కట్టిన సరుకు కూడా కాలం చెబుతుంది. గానుగ సున్నం, నాపరాయి ఉంటే పాతది. సున్నానికి, నాపరాయికి మనకు పల్నాడు ఎప్పుడూ దగ్గరే. సిమెంటు పూత ఉంటే దాదాపుగా మాచర్లలో సిమెంటు ఫ్యాక్టరీ వచ్చిన 1950ల చివరి నుంచి ఇటువైపు. చీమకుర్తి నల్లరాయి పలక ఉంటే నిన్నమొన్నటిది. అయితే ఒక జాగ్రత్త. పాత సమాధికి మనవలు కొత్త పూత వేయిస్తారు. మా చిన్నతాత సమాధికి టైల్స్ అంటించారు. పైన చూసి వయసు చెప్పలేం, పక్క గోడ అడుగున చూడాలి.

ఇక బాబాయి మాట. కాగితాల్లో శ్మశానం అని లేదన్నారు. నిజమే, లేదు. అది ఎందుకు లేదో తెలుసుకుంటే సగం గొడవలు తగ్గుతాయి.

ఊరి నేలలో సాగుకు కాక అందరి అవసరానికి ఉంచిన నేల పోరంబోకు. చెరువు, డొంక, వాగు, గ్రామకంఠం, శ్మశానం అన్నీ అందులో విడివిడిగా రాస్తారు. శ్మశాన పోరంబోకును ఎవరూ అమ్మలేరు, కొనలేరు. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత జాబితాలో ఉంటుంది. దాన్ని చూసుకోవలసిన బాధ్యత పంచాయతీది. మా దిబ్బ అలాంటిది కాదు. సర్వే అయిననాడే అది మా పెద్దల పట్టా చేనులో ఒక మూల. సర్వే చేసినవాళ్ళకు కావలసింది శిస్తు. శిస్తు కట్టేవాడున్నాడు, కాబట్టి పట్టా. లోపల ఎవరు పడుకున్నారో వాళ్ళు అడగలేదు. పొలాల్లోని కుటుంబ సమాధులు చాలావరకు ఇలాగే కాగితంలో మామూలు మెట్టచేనుగా మిగిలిపోయాయి.

మూడో రకం కూడా ఉంది, ఇనాం. జంగానికో, పీర్ల చావిడికో, గుడికో, ఊరి తలారికో, వెట్టికో ఇచ్చిన మాన్యం. 1858 తర్వాత ఇనాం కమిషన్ ఊరూరా తిరిగి వీటిని విచారించి రిజిస్టరు రాసింది. 1956లో వచ్చిన ఇనాముల రద్దు చట్టంతో చాలా మాన్యాలు రైత్వారీ పట్టాలయ్యాయి. మీ సమాధులు మాన్యంలో ఉంటే ఆ ఇనాం రిజిస్టరు కోసం వెతకాలి, అందులో ఎవరు, ఎందుకు, ఎవరికి ఇచ్చారో ఒక్కోసారి రెండు మూడు తరాల పేర్లతో సహా ఉంటుంది.

నేను వెతికిన వరస ఇది. ముందు అడంగల్ (సాగు లెక్క), 1-బి (హక్కుల లెక్క). వీటిలో ఇవాళ్టి సంగతే ఉంటుంది. తర్వాత సర్వే నాటి భూముల రిజిస్టరు ఆర్‌ఎస్‌ఆర్, రెండు భాషల్లో ఉండే డైగ్లాట్ రిజిస్టరు. ఇవే అసలు మూలం, ఏ నంబరు పట్టాయో ఏది పోరంబోకో మొదట రాసింది వీటిలోనే. ఎఫ్ఎంబీలో, అంటే సర్వే కొలతల పుస్తకంలో, చేను గీత, కొలతలు. ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఈసీ కంప్యూటరులో 1983 నుంచే దొరుకుతుంది, దానికి ముందుది కావాలంటే చేతిరాత పుస్తకాల నుంచి నకలు తీయించుకోవాలి. ఒక ఆఫీసులో నన్ను మూడు నెలలు తిప్పి, చివరికి ఆ పుస్తకం చెదలు తిన్నదన్నారు. ఆ రోజు బయటికి వచ్చి బస్టాండులో కూర్చుని నిజంగా ఏడ్చినంత పనైంది. 1984 జనవరిలో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయ్యాయి. ఆ వ్యవస్థలో అన్యాయాలు చాలానే ఉన్నాయి, అది పోవడం మంచిదే. కానీ ఏ గట్టు ఎవరిదో, ఏ రాయి ఎప్పుడు జరిగిందో తలలో పెట్టుకున్న మనుషులు ఆ రోజుతో పక్కకు తప్పుకున్నారు. వాళ్ళిళ్ళలో పాత లెక్కలు ఉన్నాయేమో మర్యాదగా అడగండి. మా చెక్కుబందీలోని వాగు గట్టు ఎక్కడిదాకానో చెప్పింది ఒక పాత కరణంగారి అబ్బాయే.

కుటుంబ సమాధుల దిబ్బ ఉండటమే ఒక హోదా అని నాకు ఈ ఏడాదిలోనే తట్టింది. సొంత నేల ఉన్నవాడికే పొలంలో సమాధి. లేనివాళ్ళది ఊరుమ్మడి వల్లకాడు, అదీ కులానికొకటి. మా ఊళ్ళో దళితుల శ్మశానం వాగు ఒడ్డున పల్లంలో ఉంది. వాగు పొంగిన ప్రతిసారీ మట్టి కోసుకుపోతుంది. మా గరప దిబ్బకు నీళ్ళు ఎప్పుడూ రావు. వాళ్ళ పెద్దల చరిత్ర రాద్దామంటే చదవడానికి రాయి మిగలలేదు. మా దిబ్బ మీద కూడా పదకొండింటిలో ఆడవాళ్ళవి మూడే. ఆ మూడూ పుణ్యస్త్రీలుగా పోయినవాళ్ళవి. భర్త పోయాక ముప్పై ఏళ్ళు చేను చేసి పిల్లల్ని పెంచిన మా ముత్తవ్వకు గద్దె లేదు.

ఇంకొకటి ఉంది, పదకొండులో లెక్కవేయనిది. దిబ్బకు తూర్పు అంచున, గద్దె లేకుండా, ఒక మట్టి కుప్ప, తల దగ్గర చెక్కని నాపరాయి. అది మా ఇంట్లో పాలేరుగా చేసిన ఒకాయనదని నాయనమ్మ చెప్పేది. వాగు పొంగి వాళ్ళ వల్లకాడు మునిగిన రోజున పోయాడట. మా తాత, కులంవాళ్ళు గొణుగుతున్నా, ఇక్కడే పెట్టించాడట. ఆయన మనవలు విజయవాడలో ఉంటారు. ఏటా సమాధుల పండుగకు ముందు ఒకరు సున్నం డబ్బాతో వచ్చి ఆ ఒక్క రాయికి పూసి వెళ్తారు. మేం ఎప్పుడూ ఎందుకని అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. ఈసారి అడిగాను. నాయనమ్మ చెప్పిందే చెప్పారు, తేదీతో సహా.

చివరికి మేం చేసింది చెబుతాను. దిబ్బను సబ్ డివిజన్ చేయించి వేరే నంబరు పెట్టించుకున్నాం. అలా చేయకపోతే రీసర్వేలో పక్క చేనుతో కలిసిపోయి ఒకే భూమి నంబరు కింద పడుతుంది, తర్వాత విడదీయడం కష్టం. దాన్ని ఎవరి వాటాకూ రాయకుండా ఉమ్మడిగా ఉంచాం. అమ్మకం దస్తావేజులో రెండు మాటలు రాయించాం: ఆ నంబరు అమ్మకంలో లేదని, డొంక నుంచి దిబ్బ దాకా నడకదారి ఎప్పటికీ ఉంటుందని. దారి రాయకపోతే దిబ్బ మన సొంతమే అయినా కాలు పెట్టడానికి గేటు దగ్గర అడుక్కోవాలి. కంచె వేసి పన్నెండేళ్ళు గడిస్తే దిబ్బ కూడా తమదేనని వాదించేవాళ్ళుంటారు. సమాధుల స్థలంలోకి చొరబడి అవమానించడం నేరమే, కొత్త భారతీయ న్యాయ సంహితలో 301వ సెక్షను. కానీ కేసులు పెట్టుకుంటూ పెద్దలకు దీపం పెట్టలేం కదా.

కొలతల రోజున సర్వేయరు గీత తిన్నగా గీస్తే ఆ మట్టి కుప్ప కొనేవాళ్ళ చేనులోకి పోతోంది. తొమ్మిది సెంట్లు కచ్చితంగా సరిపోతాయి, గీత అందంగా ఉంటుంది అన్నాడు. పెదనాన్న కర్ర ఊతంతో నడిచి వెళ్ళి కుప్పకు అవతల నిలబడ్డారు. "రాయి ఇక్కడ పాతండి" అన్నారు. కొనేవాళ్ళు ఆ అర సెంటు ధర తగ్గించమన్నారు, బాబాయి తన వాటాలో తగ్గించుకున్నారు. కాగితంలో ఇప్పుడు అది తొమ్మిదిన్నర సెంట్లు, తూర్పు గీత కొంచెం వంకర.